ముందు ద్వారం మూసిన హాలులో ప్రదర్శనలు: బయటికి దారి తేలాకే లోపలికి దారి

కార్యదర్శి గారికి నమస్కారం. మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. మీ కళాసమితి ఏటా కార్యక్రమాలు జరిపే ఆరు వందల కుర్చీల హాలులో నవంబరు నుంచి మార్చి దాకా మరమ్మతులు జరుగుతాయి. ముందు వసారా, ప్రధాన ద్వారం, బాల్కనీ మూసేస్తారు. రెండు పక్క తలుపుల గుండా జనాన్ని పంపుకోవచ్చని, అద్దె కొంత తగ్గిస్తామని యాజమాన్యం అంటోంది. మీకు డిసెంబరులో మూడు రోజుల నాటక పోటీలు, జనవరిలో ఒక కూచిపూడి రంగప్రవేశం, ఒక గాత్ర కచేరీ ఉన్నాయి. సభ్యుల్లో సగానికి పైగా అరవై దాటినవారు. ఒకాయన చక్రాల కుర్చీలో వస్తారు. జనాన్ని లోపలికి ఎలా తీసుకురావాలి, ఆహ్వానపత్రం మీద ఏమి రాయాలి అన్నది మీ ప్రశ్న.

నేను విశాఖలోనే ఇరవై ఎనిమిదేళ్లు సభాభవనాల నిర్వహణలో పనిచేశాను. మరమ్మతులు నడుస్తుండగా ప్రదర్శనలు జరిపిన అనుభవం మూడు సార్లు ఉంది. అందులో మొదటిసారి జరిగినది చెబితే, నేను మిగతా సమాధానం ఈ వరుసలో ఎందుకు రాస్తున్నానో మీకు తెలుస్తుంది.

అప్పుడూ ఇలాగే ముందు ద్వారం మూసి, కుడి పక్క తలుపు నుంచి జనాన్ని లోపలికి తీసుకున్నాం. ఎడమ పక్క తలుపు అత్యవసరానికి అని కాగితం మీద రాసుకున్నాం. ఆ రోజు మధ్యాహ్నం వర్షం వస్తుందేమోనని కాంట్రాక్టరు మనుషులు సిమెంటు బస్తాలు తెచ్చి ఆ తలుపు బయట వరండాలో పేర్చారు. వాళ్ల దృష్టిలో అది పొడిగా ఉన్న చోటు, అంతే. మాలో ఎవరూ అటు వెళ్లి చూడలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. జనరేటరు వైరు మరమ్మతుల కోసం విప్పి ఉంది. చీకట్లో ఎవరో 'వాసన వస్తోంది' అన్నారు. మంటా లేదు, పొగా లేదు, ఉదయం వేసిన రంగు వాసన అది. కానీ నాలుగు వందల మంది ఒకే తలుపు వైపు లేచారు. ఒక పెద్దావిడ మెట్ల మీద పడిపోయి తుంటి ఎముక విరిగింది. ఆమె మళ్లీ నాటకానికి రాలేదు. తరువాత చాలా కాలం ఆమె ఇంటికి వెళ్లి పలకరిస్తూ వచ్చాను. ఆ ఇంట్లో ఒక్కసారి కూడా నన్ను నిందించలేదు. అందుకే అది నాకు ఇంకా బరువుగా ఉంది.

కాబట్టి జనాన్ని లోపలికి తెచ్చే మాట తరువాత చూద్దాం. అందరూ ఒకేసారి బయటికి వెళ్లవలసి వస్తే ఎటు వెళతారు, ఎంతమంది వెళ్లగలరు అన్నది ముందు తేల్చుకోండి. మీరు ఎన్ని టికెట్లు ఇవ్వవచ్చో ఆ లెక్కే చెబుతుంది. హాలులో ఎన్ని కుర్చీలు ఉన్నాయన్నది మరమ్మతులు జరిగినన్ని నెలలూ పట్టించుకోకండి.

లెక్క కష్టమైనది కాదు. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలో (నేషనల్ బిల్డింగ్ కోడ్) మామూలు భవనాలకు ఇచ్చిన కొలత ఇది: సమతలంగా ఉండే తలుపు, నడవా, ర్యాంపు అయితే మనిషికి 6.5 మిల్లీమీటర్ల వెడల్పు, మెట్లయితే మనిషికి 10 మిల్లీమీటర్లు. మీ పక్క తలుపు ఒక్కొక్కటి ఒకటిన్నర మీటరు వెడల్పు అనుకుందాం. 1500ను 6.5తో భాగిస్తే 230. రెండు తలుపులకు 460 మంది. బాగానే ఉందే అనిపిస్తుంది. కానీ తలుపు దాటగానే ఐదు మెట్లు ఉన్నాయని మీరే రాశారు. మెట్ల వెడల్పు కూడా ఒకటిన్నర మీటరే అయితే 1500ను 10తో భాగించాలి. ఒక్కో వైపు 150 మంది, మొత్తం 300. దారిలో ఎక్కడ ఇరుకో అక్కడి లెక్కే చివరి లెక్క. ఒక వైపు మెట్ల మీద పరంజీ కాలు అర మీటరు ఆక్రమించిందనుకోండి, ఆ వైపు 150 కాస్తా 100 అవుతుంది. అప్పుడు మీ హాలు ఆరు వందల కుర్చీల హాలు కాదు, 250 మంది హాలు.

టేపు పట్టుకుని మీరే వెళ్లి కొలవండి. పాత నక్షాలో ఉన్న కొలత మీద ఆధారపడకండి. రెండు రెక్కల తలుపులో ఒక రెక్క తుప్పు పట్టి కదలకపోవడం మన ఊళ్లో మామూలు విషయం, ఉప్పుగాలికి గడియలు, మడతబందులు బిగుసుకుపోతాయి. రెండు రెక్కలూ పూర్తిగా బయటికి తెరుచుకోవాలి. ప్రదర్శన జరుగుతున్నంతసేపూ తాళం ఉండకూడదు. 'తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంది' అన్న మాటను ఒప్పుకోకండి.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయారు. కింద కార్లు నిలిపే చోట ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంట మొదలైంది, పొగ పైకి ఎక్కింది. బాల్కనీలో అదనపు కుర్చీలు వేసి కుడి వైపు దారి మూసేసి ఉంది. చనిపోయినవారిలో ఎక్కువమందిని పొగే పొట్టనపెట్టుకుంది. అక్కడ దారికి అడ్డుపడినవి వరుసల్లో వేసిన కుర్చీలు. మరమ్మతులు జరిగే హాలులో అడ్డుపడేవి ఇంకా ఎక్కువ: ఇసుక కుప్ప, టైల్స్ పెట్టెలు, విప్పిన తలుపు చట్రాలు, చుట్టలుగా పడేసిన వైర్లు. అవి ఉదయం ఒక చోట ఉంటాయి, సాయంత్రానికి ఇంకో చోటికి వస్తాయి. అందుకే ఒకసారి చూసి వస్తే సరిపోదు. ప్రదర్శన రోజు నాలుగు గంటలకు ఒకసారి, తలుపులు తెరిచే ముందు ఒకసారి, విరామంలో ఒకసారి మీ మనిషి ఎవరైనా రెండు దారుల్లోనూ వీధి దాకా నడిచి రావాలి. ఆ పని ఎవరిదో పేరుతో రాసి పెట్టుకోండి. 'మేమందరం చూస్తాం' అంటే ఎవరూ చూడరు.

నాటక పోటీలకు ఇంకో చిక్కు ఉంది. ప్రవేశం ఉచితం కదా, జనం పొద్దుటి నుంచి రాత్రి దాకా వస్తూ పోతూ ఉంటారు. మంచి నాటకం మొదలయ్యేసరికి ఒక్కసారిగా గోడల వెంట నిలబడిపోతారు. మీ లెక్క 300 అయితే 300 ప్లాస్టిక్ టోకెన్లు చేయించండి. లోపలికి వచ్చేవారికి ఒకటి, బయటికి వెళ్లేవారి దగ్గర తిరిగి తీసుకోవడం. టోకెన్లు అయిపోతే బయట ఆగాలి. దీనికి కోపగించుకునేవారు ఉంటారు. నాటకాభిమానులకు ఓపిక తక్కువ, ప్రేమ ఎక్కువ. బయట ఒక షామియానా, యాభై కుర్చీలు, మంచినీళ్లు పెట్టండి. వీలైతే లోపలి మాటలు వినిపించేలా ఒక స్పీకరు పెట్టండి.

ఇక మరమ్మతులు ఏ రకమో చూడాలి. మీరు రాసిన పనుల్లో ముందు వసారా, టాయిలెట్లు, బయటి గోడల రంగు వరకైతే జాగ్రత్తగా ప్రదర్శనలు జరుపుకోవచ్చు. కానీ హాలు పైకప్పు విప్పుతున్నా, విద్యుత్ వైరింగు మారుస్తున్నా, మంటలార్పే నీళ్ల గొట్టాలు పని చేయకపోయినా ఆ రోజుల్లో అక్కడ ప్రదర్శన వద్దు. ఇందులో బేరం లేదు. అద్దె పూర్తిగా మాఫీ చేసినా వద్దు. పాత హాళ్లలో పైకప్పుకు ఆస్‌బెస్టాస్ రేకులు ఉండవచ్చు. వాటిని పగలగొట్టినప్పుడు లేచే సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత ప్రాణాంతకమైన జబ్బులు తెస్తాయి. రేకులు ఉన్నాయో లేదో కాంట్రాక్టరును సూటిగా అడగండి. ఉంటే వాటిని తడిపి, పగలకుండా దించి, చెత్త తరలించి, తడిగుడ్డతో తుడిచే దాకా హాలులో ఎవరూ అడుగుపెట్టకూడదు. పనివాళ్లకు కూడా ముక్కుకు సరైన మాస్కు ఇవ్వాలి. వాళ్ల ఊపిరితిత్తులూ ఊపిరితిత్తులే.

అలాంటి పనులు మీ తేదీలతో ముడిపడితే వేరే వేదిక వెతకండి. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, పిఠాపురం కాలనీలో కళాభారతి ఉన్నాయి. కొన్ని కళాశాలలు, పాఠశాలలు కూడా తమ సభాభవనాలు ఇస్తాయి. డిసెంబరు, జనవరి కార్యక్రమాల కాలం కనుక ఇప్పుడే ఫోను చేయండి. రంగప్రవేశం తేదీని మాత్రం ఆ అమ్మాయి తల్లిదండ్రులతో, గురువుగారితో మాట్లాడకుండా కదపకండి. వాద్య బృందం, బంధువుల రైలు టికెట్లు అన్నీ ఆ తేదీ మీదే ఆధారపడి ఉంటాయి.

హాలులోనే జరుపుతామంటే యాజమాన్యం నుంచి కాగితం మీద కొన్ని హామీలు తీసుకోండి. ప్రదర్శన రోజు మధ్యాహ్నం పన్నెండు తరువాత వెల్డింగ్, గ్యాస్ కటింగ్ ఉండకూడదు. నిప్పురవ్వ తెరల మడతలోనో, చెక్క పొట్టులోనో పడి గంట తరువాత రాజుకోగలదు. పన్నెండుకు ఆపితే మీకు వ్యవధి దొరుకుతుంది. పనివాళ్లు కొన్నిచోట్ల ముందు వసారాలోనే పడుకుంటారు, అక్కడే స్టవ్ మీద వండుకుంటారు. వాళ్లను తరిమేయమని అడగకండి, వంటకు వేరే చోటు చూపించమని అడగండి. జనరేటరు, బయటికి దారి చూపే దీపాలు పనిచేస్తున్నాయని ప్రదర్శన ముందు మెయిన్ స్విచ్చి కట్టేసి చూపించమనండి. నేను చెప్పిన ఆ రాత్రి, ఈ ఒక్క పరీక్ష సాయంత్రమే చేసి ఉంటే మేము ప్రదర్శన ఆపేసేవాళ్లం. ముందు ద్వారం మూసి ఉందని, ఏ తేదీల్లో ఎంతమంది వస్తారని స్థానిక అగ్నిమాపక కేంద్రానికి రాతపూర్వకంగా తెలియజేయండి. వాళ్ల బండి ఏ గేటు నుంచి రావాలో కూడా రాయండి. ఆ గేటు ముందు ఇసుక లారీ ఉండకూడదు.

ఇప్పుడు లోపలికి దారి. జనం ఎక్కడ దారి తప్పుతారో నాకు బాగా తెలుసు. పాత గేటు దగ్గర. ముప్ఫై ఏళ్లుగా వస్తున్న మనిషి ఆహ్వానపత్రంలో తేదీ, సమయం, నటుల పేర్లు చదువుతాడు. దారి మార్పు గురించి రాసినది చదవడు, దారి తనకు తెలుసు కనుక. ఆటో అతనికి కూడా ఆ గేటే తెలుసు. అక్కడ దించి వెళ్లిపోతాడు. అందుకని పాత గేటు దగ్గర బోర్డు ఒక్కటే పెట్టి ఊరుకోకండి. మనిషిని నిలబెట్టండి, కార్యక్రమానికి గంట ముందు నుంచి, మొదలైన అరగంట తరువాత దాకా. మీ సమితిలో కాలేజీ పిల్లలు ఉంటే ఇద్దరిని పెట్టండి. 'నమస్కారం, దారి ఇటు మారింది, నేను తీసుకెళతాను' అనే మాట చాలు. పెద్దవాళ్లకు అది గౌరవం కూడా.

డిసెంబరులో మన ఊళ్లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. మీ కార్యక్రమం ఆరున్నరకు. అంటే దాదాపు అందరూ కొత్త దారిలో మొదటిసారి చీకట్లో నడుస్తారు. పైగా ఆ వీధి వాలు అని రాశారు. కొండ వాలు మీద ఉన్న ఊరు మనది, వీధి వాలుకి అలవాటు పడ్డ కాళ్లు కూడా ఆ వాలులో తవ్విన గొయ్యిని ఊహించవు. గేటు నుంచి తలుపు దాకా దారి పొడవునా నేల కనిపించేలా దీపాలు ఉండాలి. మొహం మీద కొట్టే ఫ్లడ్‌లైటు వద్దు, అది పెద్దవాళ్ల కళ్లకు చీకటికన్నా ఇబ్బంది. ప్రతి మెట్టు అంచుకూ పసుపు రంగు పట్టీ వేయించండి. గోతుల చుట్టూ తాడు కట్టి వదిలేస్తారు, అది చాలదు. చూపు లేనివారి చేతికర్ర తాడు కిందినుంచి దూరిపోతుంది, కర్రకు తెలిసేసరికి కాలు అంచు మీద ఉంటుంది. నేలకు దగ్గరగా ఒక అడ్డపట్టీ, నడుము ఎత్తున ఇంకొకటి ఉన్న గట్టి అడ్డు కావాలి. పరంజీ గొట్టాలు తల ఎత్తున దారిలోకి పొడుచుకు వచ్చినా అదే ప్రమాదం.

చక్రాల కుర్చీలో వచ్చే మీ సభ్యుడి సంగతి. 'నలుగురం ఎత్తి లోపలికి తీసుకెళతాం' అని మీ వాళ్లు అన్నారని రాశారు. ఆ మాట ప్రేమతో అన్నారని నాకు తెలుసు. అయినా వద్దు. మెట్ల మీద నలుగురు కుర్చీ ఎత్తినప్పుడు ఒకరి పాదం జారితే అందరూ పడతారు. అది జరగకపోయినా, వంద మంది చూస్తుండగా తనను సామానులా మోసుకెళ్లడాన్ని ఆయన ప్రతిసారీ భరించాలి. ఎన్నోసార్లు ఇలాంటివారు 'ఈసారి ఒంట్లో బాగోలేదు' అని రావడం మానేశారు. మానేసిన కారణం ఆరోగ్యం కాదని నాకు తరువాత తెలిసింది.

ర్యాంపు కట్టాలి. ఐదు మెట్లు, ఒక్కోటి 150 మిల్లీమీటర్లు అయితే ఎత్తు 750 మిల్లీమీటర్లు. వాలు 1:12 ఉండాలి, అంటే ర్యాంపు పొడవు తొమ్మిది మీటర్లు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. రెండున్నర మీటర్ల ప్లైవుడ్ పలక తెచ్చి మెట్ల మీద వాల్చి 'ర్యాంపు వేశాం' అంటారు. అది ర్యాంపు కాదు, ఆ వాలు మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. తొమ్మిది మీటర్ల చోటు తిన్నగా లేకపోతే మధ్యలో చదునుగా ఒకటిన్నర మీటరు వేదిక వేసి మలుపు తిప్పవచ్చు. వెడల్పు కనీసం 1200 మిల్లీమీటర్లు, రెండు వైపులా రెయిలింగ్, పైన కింద కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటరు చదును చోటు. ఇనుప చట్రం మీద గరుకు ఉపరితలం వేస్తే మరమ్మతులు అయ్యాక విప్పుకుని దాచుకోవచ్చు. ఈ ర్యాంపు ఆయన ఒక్కరికే అనుకోకండి. మోకాళ్ల నొప్పులున్న మీ సభ్యుల్లో ఎక్కువమంది మెట్లు వదిలి దాని మీదే నడుస్తారు. మృదంగం మోసుకొచ్చే వాళ్లూ, చంకన పిల్లలున్న తల్లులూ అటే వస్తారు.

ర్యాంపుకు చోటే లేకపోతే హాలు వెనక సెట్లు దించే తలుపు చూడండి. లారీ నుంచి సామాను నేరుగా తోసుకెళ్లడానికి ఆ తలుపు చాలా హాళ్లలో దాదాపు సమతలంగా ఉంటుంది. అటు తీసుకురావచ్చు, కానీ రంగస్థలం పక్కనుంచి ప్రేక్షకుల వైపు దిగడానికి మెట్లు లేని దారి ఉందో చూసుకోవాలి. ఒకటి మరచిపోకండి: లోపలికి ఏ దారిన వచ్చారో కరెంటు పోయినప్పుడు కూడా అదే దారిన బయటికి వెళ్లగలగాలి. ఆయన పక్కన ఒక మనిషిని ముందే నియమించండి, ఆయనకు పరిచయం చేయండి. కూర్చునే చోటుకు వరుస చివర రెండు కుర్చీలు విప్పిస్తే 900 బై 1200 మిల్లీమీటర్ల చోటు వస్తుంది. పక్క కుర్చీ ఆయనతో వచ్చినవారికి ఉంచండి. వరుసల మధ్య దారిలో మాత్రం కూర్చోబెట్టకండి, అది అందరూ బయటికి వెళ్లే దారి.

ఇదంతా యాజమాన్యం దయ మీద ఆధారపడిన విషయం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో సమానంగా పాల్గొనే హక్కును గుర్తించింది. 44వ సెక్షన్ ప్రకారం అందుబాటు ప్రమాణాలు పాటించని భవనానికి నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం ఇవ్వకూడదు. 45వ సెక్షన్ పాత ప్రజా భవనాలకు నియమాలు వెలువడిన నాటి నుంచి ఐదేళ్ల గడువు ఇచ్చింది. నియమాలు వెలువడింది 2017 జూన్‌లో, గడువు 2022లోనే ముగిసింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా అమలయ్యే నియమాలుగా రావాలని తీర్పు చెప్పింది. ఈ మరమ్మతులు మీకు మంచి అవకాశం కూడా. గోడ పగలగొట్టి ఉన్నప్పుడే శాశ్వత ర్యాంపు, అందరూ వాడుకోగల టాయిలెట్ అడగండి. టైల్స్ వేశాక అడిగితే 'వచ్చే బడ్జెట్‌లో చూద్దాం' అంటారు.

టాయిలెట్ల గురించి కార్యక్రమ నిర్వాహకులు మాట్లాడటానికి మొహమాటపడతారు. అందువల్ల ఆడవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడతారు. మీ 300 మందిలో 150 మంది ఆడవాళ్లు, వారిలో సగం మంది విరామంలో వెళతారనుకోండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. పదిహేను నిమిషాల విరామంలో ఒక టాయిలెట్ ఏడుగురికి సరిపోతుంది. డెబ్బై ఐదు మందికి పదకొండు కావాలి. మరమ్మతుల్లో మీకు మిగిలేవి మూడో నాలుగో. మిగతావి తాత్కాలికంగా తెప్పించండి, లేదా విరామం అరగంట చేయండి. చీర కట్టుకున్న పెద్దావిడ లోపల చేయి ఆనించుకోవడానికి కడ్డీ, వస్తువులు తగిలించుకోవడానికి కొక్కెం, నీళ్లు, దీపం ఉన్నాయో మీ మహిళా సభ్యులను వెళ్లి చూడమనండి. చాలామంది పెద్దావిడలు టాయిలెట్ బాగుండదని తెలిస్తే పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కార్యక్రమానికి వస్తారు. మా అమ్మగారు అలాగే వచ్చేవారు.

దుమ్ము సంగతి కచేరీకి చాలా ముఖ్యం. ప్రదర్శన రోజు ఉదయం ఊడ్చితే దుమ్ము గాలిలోకి లేచి సాయంత్రానికి గాయకుడి గొంతులో చేరుతుంది. ముందు రోజు రాత్రి ఊడ్పించి, తెల్లారాక తడిగుడ్డతో తుడిపించండి. ఏసీ గొట్టాలు పని జరుగుతున్న భాగం గుండా వెళుతుంటే వాటి మూతులకు ప్లాస్టిక్ కట్టించి ఉంచాలి. అది విప్పాక జనం లేనప్పుడు రెండు గంటలు ఏసీ నడిపించి, మళ్లీ కుర్చీలు తుడిపించండి. రంగులు, పాలిష్ పని కనీసం మూడు రోజుల ముందు ఆపించండి. మన తేమ గాలిలో అవి డబ్బా మీద రాసిన సమయానికి ఆరవు. ఆస్తమా ఉన్నవారికి వాసన సంగతి ఆహ్వానపత్రంలో ముందే చెప్పాలి.

రంగప్రవేశానికి ఇంకా జాగ్రత్త. కూచిపూడి చేసేది చెప్పులు లేని కాళ్లతో. తరంగం అనే అంశంలో అమ్మాయి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి కదులుతుంది. రంగస్థలం మీద ఒక్క స్క్రూ, ఒక్క మేకు, ఒక్క టైలు ముక్క ఉన్నా ఏళ్ల సాధన ఆ రాత్రి పాడవుతుంది. ఊడ్చిన తరువాత పెద్ద అయస్కాంతం కర్రకు కట్టి వేదిక అంతా, పక్క తెరల వెనక కూడా తిప్పండి. ఎన్ని మేకులు వస్తాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు. తరువాత ఒకరు చెప్పులు విప్పి, మెల్లగా అరికాళ్లతో వేదికంతా నడవాలి. నేను ఎప్పుడూ ఆ పని స్వయంగా చేసేవాడిని. కొత్తగా పాలిష్ పెట్టిన చెక్క జారుతుంది కనుక ఆ పని రంగప్రవేశం తరువాత చేయించమని అడగండి. మేకప్ గది నుంచి వేదిక దాకా దారి కూడా ఇలాగే చూడాలి. ఆ అమ్మాయి గజ్జెలు కట్టుకుని, అలంకారంతో, చీకట్లో ఆ దారిన పదిసార్లు పరిగెత్తుతుంది.

నాటక బృందాలకు ఈ వారమే ఉత్తరం రాయండి. సెట్ల లారీ ఏ గేటుకు రావాలి, తలుపు ఎత్తు వెడల్పు ఎంత, మేకప్ గదులు ఎన్ని మిగిలాయి అన్నవి అందులో ఉండాలి. వేరే ఊళ్ల నుంచి తెల్లవారుజామున దిగే బృందాలు పెద్ద గోడ ఫ్రేములు తెచ్చి, తలుపులో పట్టక అక్కడికక్కడ కోసుకోవడం నేను చూశాను. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన కళాకారులకు ఆ గతి పట్టకూడదు.

తుపాన్ల గురించి మీకు చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీదికి వచ్చింది. డిసెంబరు వచ్చిందని ధీమా పడడానికి లేదు, 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. తాత్కాలికంగా వేసిన రేకులు, సరుగుడు బాదుల పరంజీ, ఆకుపచ్చ వల మామూలు గాలికి నిలబడతాయి, ఈదురు గాలికి ఎగిరి జనం మీద పడతాయి. వల గాలిని పట్టి పరంజీ మొత్తాన్ని లాగేస్తుంది. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి హెచ్చరిక వస్తే ఆ రోజు కార్యక్రమం రద్దు, అద్దె వాపసు అని ఒప్పందంలో ఇప్పుడే రాయించుకోండి. అప్పటికప్పుడు మాట్లాడుకుందామంటే డబ్బు పోతుందన్న భయంతో జనాన్ని పిలుస్తారు.

ఆహ్వానపత్రానికి మాటలు అడిగారు. 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అన్న వాక్యం చదివినవారికి ఏ పనికీ రాదు. గుమ్మం దగ్గర వాళ్లకు ఏమి ఎదురవుతుందో చెప్పండి. నేనైతే ఇలా రాస్తాను:

'హాలులో మరమ్మతులు జరుగుతున్నాయి. ముందు గేటు మూసి ఉంటుంది. తూర్పు వీధిలోని పక్క గేటుకు రండి, ఆటో అతనికి ఈ గేటు పేరే చెప్పండి. గేటు నుంచి కుర్చీల దాకా సుమారు ఎనభై అడుగుల నడక, ఐదు మెట్లు. మెట్లు వద్దనుకునేవారికి ర్యాంపు ఉంది. బాల్కనీ లేదు, కాబట్టి 300 మందికే చోటు. కారు నిలపడానికి లోపల స్థలం లేదు. కొత్త రంగు వాసన కొద్దిగా ఉండవచ్చు. చక్రాల కుర్చీ, చేయూత లేదా ముందు వరుస కావాలంటే ఈ నంబరుకు ఒక రోజు ముందు ఫోను చేయండి, గేటు దగ్గర మా మనిషి మీ కోసం ఉంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు ముగుస్తుంది.'

ముగిసే సమయం తప్పకుండా రాయండి, పాటించండి. గాజువాక, మధురవాడ వెళ్లేవాళ్లు బస్సు కోసం మధ్యలో లేచి చీకట్లో కొత్త దారిన ఒంటరిగా నడవకుండా ఉంటారు. అక్షరాలు పెద్దవిగా వేయించండి. ఆ నంబరు ఎత్తే మనిషి నిజంగా ఉండాలి.

కొలతలు తీసుకున్నాక నాకు రాయండి: రెండు తలుపుల వెడల్పు, మెట్ల వెడల్పు, తలుపు నుంచి వీధి దాకా దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు. ఫొటోలు పగలు కాదు, సాయంత్రం ఆరున్నరకు తీయండి. చక్రాల కుర్చీలో వచ్చే సభ్యుణ్ని కూడా ఆ రోజు వెంట తీసుకెళ్లండి. ఎక్కడ ఇబ్బందో ఆయన చెబుతారు.